నిద్రల పంచాంగం

పిల్లకి పొలం చూపించడానికి వెళ్తున్నాం అని నేను అందరికీ చెప్పే మాటలో పొలం ఒక్కటే నిజం. పిల్ల కోసం కాదు, చూపించడానికీ కాదు. నేను వెళ్లేది నిద్రపోవడానికి.

ఈ సంగతి విజయనగరంలో మా ఆఫీసులో గానీ, మా వీధిలో గానీ ఎవరికీ తెలీదు. వాళ్ల దృష్టిలో నేను మట్టి విలువ తెలిసిన తండ్రిని. రెండేళ్లు నిండీ నిండని కూతుర్ని చంకనేసుకుని, రైలెక్కి, సోంపేటలో దిగి, ఉద్దానంలోని అత్తారి తోటకి పోయే నన్ను చూసి పక్కింటి రిటైర్డ్ మాస్టారు మురిసిపోతారు. "ఈ రోజుల్లో పిల్లల్ని ఇలా ఎవరు పెంచుతున్నారండీ!" అంటారు. నేను తల దించుకుంటాను. అందులో సగం వినయం, సగం కునుకు.

మా ఇంట్లో పిల్లని ఎత్తుకోడానికి ఉన్నవి రెండు జతల చేతులు. మా ఆవిడవి ఒక జత, నావి ఒక జత. నా జత ఎప్పుడూ ఏదో ముఖ్యమైన పనిలో ఉంటుందని నేనంటాను, ఫోనులో ఉంటుందని ఆవిడంటుంది. అత్తారింట్లో అలా కాదు. అత్తయ్య, అత్తయ్యని కన్న ముసలమ్మ, చిన్నత్తయ్య, పక్కింటి అప్ప, తోటపనికొచ్చే ఆడవాళ్లు, గోర్జిలో ఆడుకునే పిల్లలు, అందరివీ చేతులే. గుమ్మంలో అడుగుపెట్టగానే "పిల్లని ఇలగిచ్చి, నువ్వెల్లి తొంగో బాబూ" అంటుంది అత్తయ్య. తెలుగులో నాకు తెలిసినంతలో దీన్ని మించిన వాక్యం లేదు.

అయితే ఆ చేతులు ఏడాది పొడుగునా ఖాళీగా ఉండవు. పంటని బట్టి చేతులు ఖాళీ అవుతాయి, చేతుల్ని బట్టి నా కళ్లు మూతపడతాయి. అంచేత మామయ్య గోడకి తిథులూ వర్జ్యాలూ ఉన్న పంచాంగం వేలాడుతుంటే, నా బుర్రలో నిద్రల పంచాంగం ఒకటి తయారైంది.

అది జీడిపళ్ల కాలంతో మొదలవుతుంది. మార్చి నుంచి మే దాకా ఉద్దానంలో తెల్లారకముందే పని. రాలిన పళ్లు ఏరడం, పండు మెలితిప్పి పిక్క వేరుచేయడం. ఎండ ముదిరేసరికి అంతా నీడకి చేరిపోతారు. బడులకి సెలవులు కూడా కలిసొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆరేళ్ల ఆడపిల్ల రెండేళ్ల పిల్లని నడుం మీద ఎక్కించుకుని ఇసకలో లగెత్తుతుంటే, నెలకి వేలు గుంజే మా టౌను క్రెష్ నాకు గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఆ మంటని జీడిచెట్టు కింద నులక మంచం చల్లారుస్తుంది.

వెళ్లేటప్పుడు మాత్రం నేను చాలా శాస్త్రీయంగా వెళ్తాను. సంచీలో జంతువుల బొమ్మల పుస్తకం ఉంటుంది. అందులో ఎర్ర పెంకుల కొట్టం, నలుపూ తెలుపూ మచ్చల ఆవు, గులాబీ రంగు పంది. ఉద్దానంలో ఈ మూడూ నాకింతవరకూ ఎదురుపడలేదు. మొలకెత్తిన రాగి పిండి డబ్బా ఒకటి ఉంటుంది, బెంగళూరు నుంచి తెప్పించింది. నేనుండే విజయనగరంలోనే చోళ్ల మీద, అంటే ఆ రాగుల మీదే, పనిచేసే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. చంపావతి, భారతి, శ్రీచైతన్య అని పిల్లలకి పేర్లు పెట్టినట్టు చోళ్ల రకాలకి పేర్లు పెట్టి విడుదల చేసింది. అవి పండే జిల్లాకి నేను బెంగళూరు నుంచి డబ్బా మోసుకెళ్తాను. మా చిట్టి ఆ జావ నోట్లోకి పోనివ్వదు. తోటలో పనికొచ్చినావిడ సత్తుగిన్నెలోంచి చోడి అంబలి మాత్రం రెండు చేతులా పట్టుకుని తాగుతుంది, నంజుకోడానికి ఉల్లిపాయ కూడా అడుగుతుంది.

నీళ్ల టిన్ను ఇంకొకటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బులకి కారణం ఇదీ అని ఏళ్ల తరబడి పరిశోధిస్తున్న డాక్టర్లే తేల్చలేదు. నేను మాత్రం పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాను, నీళ్లే అని. ఆ టిన్ను చూసి అత్తయ్య ఏమీ అనదు. కాఫీ మాత్రం ఊరి నీళ్లతోనే పెడుతుంది. నేను రెండో గ్లాసు కూడా అడిగి తాగుతాను.

ఒక వేసవిలో పొందూరు ఖద్దరు లాల్చీ తొడుక్కుని దిగాను. ఫోటో కోసం. తోటలో తండ్రీ కూతురూ, తెల్లటి లాల్చీ, వెనక పచ్చటి చెట్టు. ఆ గుడ్డ సంగతి చెప్పాలి. పొందూరు ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు, ఆ దూదిని చేత్తో వడికి సన్నటి నూలు తీస్తారు. అంత పనితనం ఉన్న గుడ్డ మీదికి, ఎప్పుడో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి ఓడలో తెచ్చిన చెట్టు తాలూకు పండు ఒకటి, మా చిట్టి చేతి మీదుగా వచ్చి చేరింది. పాపం ప్రేమగానే ఇచ్చింది. నా గుండెకి ఆనించి, రెండు చేతులా పిండి మరీ ఇచ్చింది.

ముసలమ్మ మరక చూసి, "జీడిపండు మరక బావూ. గుడ్డ పోద్ది గానీ మరక పోదు" అంది. అంతే అయింది. గుడ్డ మాసికలు పడి ఇప్పుడు నా రాత్రి చొక్కాగా స్థిరపడింది, మరక మాత్రం పొందూరు గుడ్డంత నాణ్యంగా ఉంది.

ఆ మధ్యాహ్నమే నా పేరుప్రతిష్ఠలు కూడా పెరిగాయి. పచ్చి జీడిపిక్క తొక్కలో ఉండే రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మా చిట్టి ఒక పిక్కని నోటి దాకా తీసుకెళ్లింది. తోటంతా ఒక్కసారి కేకేసింది. నేను మంచం మీంచి ఎగిరి, నేల మీద పడి, మళ్లీ లేచి నిలబడ్డాను. ఈలోగా చిన్నత్తయ్య పిక్క లాగేసింది. "కన్నపేగు మరి! నిద్దట్లో కూడా తెలిసిపోనాది" అని ఆడవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. నిజానికి నాకప్పుడు కలలో ఆఫీసుకి ఆడిటర్ వచ్చాడు. కేక ఆయన వేశాడనుకున్నాను. ఈ వివరం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వేసవి ఇచ్చిన ధైర్యంతో వానల్లో బయల్దేరాను. అక్కడే నా పంచాంగం తప్పింది.

మామయ్యకి తోట కాక మహేంద్రతనయ వైపు కాస్త పల్లం ఉంది. శ్రావణంలో ఉభాలు, అంటే వరినాట్లు. ఉభాల రోజుల్లో ఊళ్లో ఖాళీ చెయ్యి అంటూ ఉండదు. ఉన్న ఆడకూలీల కోసం నలుగురు రైతులు పోటీ పడుతుంటారు. తోటలో మా పిల్లని ఎత్తుకుని తిప్పే అప్పలందరూ మోకాలి లోతు బురదలో వంగుని వరుసలో ఉన్నారు. ముసలమ్మ ఆకుమడి దగ్గర కట్టలు లెక్కపెడుతోంది. బడులు నడుస్తున్నాయి కాబట్టి గోర్జి బోసిపోయింది. అత్తయ్య నా చేతికో గొడుగిచ్చి, "పిల్ల నీ కాడుంటాది కదా బాబూ" అంది. ప్రశ్నలాగే ఉంది గానీ ప్రశ్న కాదు.

గట్టు మీద పిల్లతో నిలబడ్డం ఏమంత పనిలే అనుకున్నాను. పిల్ల నిలబడదు కదా. గట్టు వెడల్పు నా పాదమంత, ఆవిడ ఉత్సాహం మడంత. ముందు మామయ్య నా జ్ఞానాన్ని పరీక్షించాడు. పచ్చగా ఊగుతున్న మడి చూపించి "ఇదే రకం చెప్పు" అన్నాడు. సోనా మసూరి అన్నాను, కొట్లో బస్తా మీద అదే ఉంటుంది కాబట్టి. "ఇది 1001. ఆ పక్కది 7029. గట్టుకి అవతల శ్రీకాకుళం సన్నాలు, మన రాగోలు ఫారంలో తీసిన రకం" అని మూడు మళ్లు చూపించాడు. మూడూ గడ్డిలాగే ఉన్నాయి. అన్నిటికీ తలూపాను. తలూపేసరికి పిల్ల చెయ్యి జారింది.

అది పరిగెత్తింది, నేను పట్టుకున్నాను, భుజాలెక్కించుకున్నాను. ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు నా కుడికాలు మళ్లోకి దిగింది. దమ్ము చేసిన మళ్లో కాలు దిగడమే గానీ పైకి రాదు. ఎడమకాలు సాయానికి వెళ్లి అదీ దిగిపోయింది. పైన పిల్ల నా జుట్టు కళ్లెంలా పట్టుకుని "హయ్యి! హయ్యి!" అంటోంది.

"ఓలమ్మ, అల్లుడు బాబు ఉభాలకి దిగిపోనాడే!" అని వరుసలోంచి ఒకావిడ.

"కూలి ఎంతడుగుతాడో కనుక్కోండి" అని ఇంకొకావిడ.

"ఒగ్గీ అప్పా, నాటితే బతికేలాగున్నాడు" అని మూడో ఆవిడ.

ఒకరు పిల్లని అందుకున్నారు, ఇద్దరు నన్ను పీకారు. కాళ్లొచ్చాయి, ఒక చెప్పు రాలేదు. దాని కోసం నేను చెయ్యి పెట్టి వెతుకుతుంటే "ఉండనీ బావూ, తోలుదైతే గత్తమయ్యేది" అని వాళ్లు మళ్లీ నడుం వంచారు. మా చిట్టి ఈలోగా ఒకావిడ చెయ్యి పట్టుకుని నారు మొక్క ఒకటి నాటింది, తలకిందులుగా. మామయ్య చూసి "ఏటి ఫర్లేదు, తండ్రి పోలిక" అన్నాడు.

ఆ రాత్రి ఎనిమిదింటికి అందరికంటే ముందు నిద్రపోయింది పిల్ల. అప్పుడు నేనూ నిద్రపోవచ్చు. కానీ నడుం పట్టేసి తెల్లవార్లూ మేలుకున్నాను. ఎకరం నాటిన ఆడవాళ్లు పొద్దున్నే నవ్వుకుంటూ మళ్లీ మడికి పోతుంటే, నేను అరుగు మీద గోడకి ఆనుకుని చూశాను. ఉభాల రోజుల్ని నా పంచాంగంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను, ప్రయాణం నిషిద్ధం అని.

పొలం కుదరకపోతే పక్షులు చూపిద్దామన్నది మా ఆవిడ ఆలోచన. మా అత్తారి శ్రీకాకుళం జిల్లాలో పక్షుల బస రెండు షిఫ్టుల్లో నడుస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో జూన్ వానలకి నత్తగుల్ల కొంగలు దిగుతాయి. టెక్కలి మండలం తేలినీలాపురంలో వానలు వెనకబట్టాక గూడబాతులూ రంగు కొంగలూ వచ్చి వేసవి మొదలు దాకా ఉంటాయి. రెండూ అడవులు కావు, ఊళ్లు. ఇళ్ల మధ్య చెట్ల మీదే కాపురాలు. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని జనం నమ్ముతారు, అంచేత కొట్టరు, తరమరు. కింద పడే రెట్టల్ని కూడా కొత్తల్లుడి అలకలాగా భరిస్తారు. సైబీరియా నుంచి వచ్చాయని ఊరంతా చెబుతుంది. పక్షుల పుస్తకాలు మాత్రం ఈ గూడబాతులు దక్షిణ, ఆగ్నేయాసియాలు దాటి గుడ్లు పెట్టవంటాయి. నేను ఈ విషయం తేలినీలాపురంలో ఒక పెద్దాయనకి వివరించబోయాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "నువ్వు ఏ ఊరి నుంచి వచ్చినావు?" అనడిగాడు. అక్కడితో ఆపేశాను.

చిట్టికి పక్షులు ఆనలేదు. చెట్టు కింద కట్టేసిన మేకపిల్ల చెవి ఆనింది. పక్షుల్ని శ్రద్ధగా చూసింది మా ఆవిడ. ఫోనులో ఏదో చదివి, చాలా మెల్లగా, "ఏమండీ, ఈ జాతిలో మగపక్షి కూడా వంతులేసుకుని గుడ్ల మీద కూర్చుంటుందట" అంది. నేను పైకి చూశాను. "పిల్లలు పుట్టాక కూడా ఇద్దరూ తెచ్చి పెడతారట" అంది. ఒక గూడబాతు తన సంచీ నోరు తెరిస్తే పిల్ల మెడ దాకా తల దూర్చి తింటోంది. ఆ పక్షి మగదా ఆడదా అని నేనడగలేదు. అడిగితే జవాబు నాకు అనుకూలంగా ఉండదని తెలుసు. మేకపిల్ల దగ్గరికి వెళ్లి చిట్టిని ఎత్తుకున్నాను, తిరిగి రైలెక్కేదాకా దించలేదు.

అక్టోబరులో మామయ్య రమ్మనడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరీ జీడీ పనసా నేలకి పడి ఉన్నాయి. మామయ్య తండ్రి వేసిన చెట్లు కూడా అందులో ఉన్నాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మళ్లీ వేసినవి ఈ మధ్యనే కాపు పట్టాయి. దీపావళి దాటేదాకా ఆయన ఆకాశం వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది, ఆ రోజుల్లో అల్లుడి నిద్ర గురించి మాట్లాడ్డం మర్యాద కాదు.

ఆ నెలలో మాకు పొలం వీడియోలో కనిపిస్తుంది. మా తోడల్లుళ్లలో ఒకడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ అక్టోబరు వచ్చిందంటే పిల్లల్ని గుమ్మడికాయల తోటకి తీసుకెళ్తారు. టిక్కెట్టు కొనాలి. గడ్డికట్టల మీద కూర్చోబెట్టి ట్రాక్టరు మీద తిప్పుతారు. మేకలకి మేత పెట్టాలంటే ఆ మేతని కూడా కొనాలి. మొక్కజొన్న చేలో మలుపులు మలుపులుగా దారులు కోసి ఉంచుతారు, అందులో పడి దారి తప్పాలి. ముగ్గురం కలిసిన వీడియో కాల్‌లో మామయ్య ఇదంతా చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బులిచ్చి దారి తప్పడమేటి బాబూ?" అన్నాడు. తోడల్లుడి ముఖం వాడిపోయింది. నేను ఉప్పొంగిపోయి, మా దగ్గర అన్నీ ఉచితమేనని చెప్పబోతే, మామయ్య నాతో "ఆయన పిల్లని ఎత్తుకునే తిరుగుతున్నాడు, చూసినావా?" అన్నాడు. సిగ్నల్ సరిగ్గా లేదని ఫోను పెట్టేశాను.

మార్గశిరానికి కోతలు. ఇప్పుడు కోత మిషను వస్తోంది కాబట్టి చేతులు ఖాళీగానే ఉంటాయని లెక్కేసుకుని వెళ్లాను. చేతులు ఖాళీయే. కానీ మిషను ముందు పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లలే. ఊరంతా మిషను చుట్టూ చేరితే చిట్టి నా మెడ పట్టుకుని వదల్లేదు. దానికి పెద్ద యంత్రాలంటే భయం, చిన్న యంత్రాలంటే ప్రాణం. తోటలో దానికి నచ్చిన వస్తువు బోరు మోటారు స్టార్టర్ డబ్బా ఒక్కటే. జంతువుల పుస్తకం తెచ్చిన తండ్రిగా ఇది ఒప్పుకోడానికి బాధగా ఉంటుంది. తాత ఎత్తుకుని చూపిస్తే, ఆయన పచ్చ మీట నొక్కగానే మోటారు డుగడుగలాడుతుంది, ఎర్ర మీట నొక్కగానే ఠక్కున ఆగిపోతుంది. అది చూసి చిట్టి చప్పట్లు కొడుతుంది. నేను ఆ ఎర్ర మీట వైపు, రాత్రి ఒంటిగంటకి మా ఇంట్లో మంచం మీద గెంతే ఈ పిల్ల వైపు మార్చి మార్చి చూస్తాను. తయారుచేసినవాడు ఒకదానికి పెట్టి ఇంకొకదానికి మరిచిపోయాడు.

కోతలయ్యాక ఎండుగడ్డి కుప్పలో మా ఇద్దరికీ ఫోటో తియ్యమని నేనే అడిగాను. డాలస్ వాళ్లకి పంపాలని. బాగా వచ్చింది ఫోటో. ఆ రాత్రి ఇద్దరం పోటీపడి గోక్కున్నాం. కొబ్బరినూనె రాస్తూ అత్తయ్య "గడ్డిలో దొర్లితే దురదెయ్యదేటి బాబూ, పశువుకైతే తోలు మందం" అంది. ఎవరి తోలు గురించి అన్నదో అని ఇప్పటికీ అనుమానం.

సంక్రాంతి సంగతి ఎక్కువ చెప్పను, సుఖానికి కథ ఉండదు. పంట ఇంటికి చేరింది, కూతుళ్లూ అల్లుళ్లూ చేరారు, పోకుండలూ అరిసెలూ చేరాయి. చిట్టి ఒడి నుంచి ఒడికి మారుతూ భోగినాడు కనిపించి మళ్లీ ముక్కనుమనాడు కనిపించింది. ఈలోగా కాస్త బరువెక్కింది, మాట మారింది. ఏమిటి అనేది మానేసి ఏటి అంటోంది. జీడి పూతకొచ్చిన చెట్ల కింద నేను పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోయాను. తోడల్లుళ్లందరూ నిద్రపోయారు. ఒకరినొకరు చూసుకుంటే అందరి ముఖాల మీదా నులక అచ్చులు.

మొన్న అత్తయ్య ఫోను చేసింది. ఈ ఏడు పిక్కలు ఏరడానికి కూలీలు దొరకడం లేదట. ఉన్నవాళ్లు కూడా పలాస జీడి కార్ఖానాలకి పోతున్నారట. "అంచేత బాబూ, ఈపాలి పది రోజులు ముందే వచ్చీండి. పిల్లని నాను సూసుకుంటాను, నువ్వు మావయ్యతో పాటు తెల్లారి నాలుగింటికి తోటకెల్దువు గాని" అంది. ఇన్నాళ్లూ ఆవిడకి ఏమీ తెలీదనుకున్నాను. మా ఆవిడ పక్కనుంచి "టిక్కెట్లు చేసేశానమ్మా" అని అరిచింది.

సెలవు దొరకదేమోనన్న ఆశతో ఆఫీసుకి వెళ్లాను. మార్చి నెల, ఖాతాలు ముగించే రోజులు, మా మేనేజరు ఎవరికీ సెలవివ్వడని పేరు. దరఖాస్తు చేతికిచ్చి, "కుదరకపోతే ఏమీ అనుకోను సార్, పిల్లకి తోట చూపిద్దామని..." అన్నాను. ఆయన కళ్ల కింద నల్లటి వలయాలున్నాయి. ఇంట్లో ఏడాదిన్నర పిల్లాడు. అక్కడే సంతకం పెట్టి, తలుపు దగ్గరికేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ అత్తగారు ఇంకో పిల్లాణ్ణి కూడా ఎత్తుకుంటారా?"